అడగండి – చెబుతాం: బండి, బలం, బ్రేకు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బళ్ల గురించే. కొండ దిగే కారు, చెరకు లాగే ట్రాక్టరు, గూడూరు వైపు పోయే బస్సు, ఆఖరికి శ్రీహరికోట రాకెట్టు కూడా. చాలామంది సూత్రం సరిగ్గానే రాశారు. తడబడింది ఒక్కచోటే: ఏ వస్తువు మీద పడే బలాలను లెక్కిస్తున్నామో ముందుగా తేల్చుకోలేదు. జవాబుల్లో మేం పదే పదే అక్కడికే వస్తాం, విసుక్కోవద్దు.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు సెకండ్ గేరులోనే రమ్మని చెప్తా ఉండారు. గేరులో ఉంటే ఇంజను అరుస్తుంది, డీజిల్ కూడా తాగుతుంది కదా సామీ! న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద దిగితే ఏమవుతుంది?
– ట్యాక్సీ డ్రైవరు, అలిపిరి

జవాబు: ముందు డీజిల్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అసలు ఆశ అక్కడే ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేస్తే, ఇప్పటి ఇంజన్లలో ఈసీయూ (ఇంజన్ను నడిపించే చిన్న కంప్యూటరు) డీజిల్ పోయడం పూర్తిగా ఆపేస్తుంది. అప్పుడు చక్రాలే ఇంజన్ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో ఆ సంబంధం తెగిపోతుంది కాబట్టి ఇంజను ఆగిపోకుండా డీజిల్ పోస్తూనే ఉండాలి. ఐడ్లింగ్‌కు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా పడుతుంది. అంటే మీరు ఆదా అనుకున్నదే ఖర్చు. ఇంజను అరుపు డీజిల్ మండటం వల్ల వచ్చేది కాదు, చక్రాలు దాన్ని వేగంగా తిప్పడం వల్ల వచ్చేది. టాకోమీటరులో ముల్లు ఎర్రగీత దాటనంత వరకు దానికి నష్టమేమీ లేదు.

ఇక బ్రేకు. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులు, సామాన్లతో కలిపి బండి 1,800 కిలోలు అనుకుందాం. అంత ఎత్తు నుంచి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 1,800 × 9.8 × 700, అంటే సుమారు 1 కోటి 23 లక్షల జౌళ్లు. దిగువకు చేరేసరికి బండి వేగం పెరగకూడదు కాబట్టి ఇదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. ఇంకో దారి లేదు. నెమ్మదిగా దిగితే టైర్ల దొర్లుడు, గాలి నిరోధం కలిపి ఓ 45 లక్షల జౌళ్లు తినేస్తాయి. మిగిలిన 78 లక్షలు ఇంజనైనా మింగాలి, బ్రేకులైనా మింగాలి.

మొత్తం బ్రేకుల నెత్తినే పడిందనుకోండి. ముందు చక్రాల రెండు డిస్కుల్లో కలిపి 14 కిలోల పోత ఇనుము ఉందనుకుందాం. కిలో ఇనుమును ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 460 జౌళ్లు చాలు. గాలి చల్లార్చదు, వెనక బ్రేకులు పంచుకోవు అనుకుని లెక్క వేస్తే డిస్కు 1,200 డిగ్రీలకు చేరుతుంది. పోత ఇనుము కరిగే వేడి అది. నిజంగా అంతదాకా రాదు, గాలి కొంత వేడిని లాక్కుంటుంది. కానీ గంటకు 30 కి.మీ. వేగంలో డిస్కుకు తగిలే గాలి తక్కువ. మలుపు మలుపుకూ బ్రేకు తొక్కుతూ వస్తే చల్లారే వ్యవధే ఉండదు.

వేడెక్కాక రెండు రకాలుగా చెడుతుంది. ఒకటి, ప్యాడ్లలోని రెజిన్ మాడి దాని నుంచి వాయువు పుడుతుంది, ప్యాడుకూ డిస్కుకూ మధ్య ఘర్షణ పడిపోతుంది. అప్పుడు పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. రెండోది ఇంకా ప్రమాదం: బ్రేకు ఆయిలు మరుగుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, అందుకే కాలి ఒత్తిడి చక్రం దాకా చేరుతుంది. ఆవిరి బుడగ పుడితే మీరు తొక్కిన తొక్కుడంతా ఆ బుడగను నలపడానికే సరిపోతుంది, పెడల్ కింద ఫ్లోరుకు తగులుతుంది. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తలో 205 డిగ్రీల దగ్గర మరిగేది, గాలిలో తేమ పీల్చుకున్నాక 140 దగ్గరే మరిగిపోవచ్చు. డాట్ 4కు ఆ అంకెలు 230, 155. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది ఇందుకే. కొండ మీదికి రోజూ తిరిగే బండికైతే ఏడాదికోసారి మార్చినా తప్పులేదంటాం.

ఇప్పుడు గేరు ఏం చేస్తుందో చూద్దాం. డీజిల్ ఆగిన ఇంజను తిరగడానికి మొరాయిస్తుంది. ఆ మొరాయింపు టార్కు (తిప్పే ప్రభావం) 40 న్యూటన్-మీటర్లు అనుకుందాం. సెకండ్ గేరులో గేర్‌బాక్సు 2, డిఫరెన్షియల్ 4, కలిపి 8 రెట్లు అయితే చక్రం దగ్గర అది 320 అవుతుంది. చక్రం వ్యాసార్థం 30 సెం.మీ. అయితే బండిని వెనక్కి పట్టే బలం సుమారు 1,070 న్యూటన్లు. టాప్ గేరులో మొత్తం 3 రెట్లే, అంటే 400 న్యూటన్లు. నూటికి 7 వాలు ఉన్నచోట టైర్లు, గాలి తీసుకోగా ఆపాల్సింది 1,000 న్యూటన్ల దరిదాపు. సెకండ్ గేరు ఒక్కటే దాన్ని మోస్తుంది, టాప్ గేరు మోయలేదు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటకు లెక్క ఇదే.

పాటించాల్సినవి: గేరు దిగడం మొదలుపెట్టక ముందే వెయ్యండి, వేగం పెరిగాక వేస్తే కుదుపు వస్తుంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు. మలుపుకు ముందు గట్టిగా తొక్కి వేగం తగ్గించి, పూర్తిగా వదిలెయ్యండి. ఇంజను కట్టేసి దిగడం మాత్రం ఎంతమాత్రం పనికిరాదు. బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ ఇంజను నడుస్తుంటేనే అందుతుంది. రెండు మూడు తొక్కులకు ఉన్నది అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగూ బిగుసుకుంటుంది. కాలిన వాసన వస్తే వెడల్పు చోటు చూసి ఆపి, గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం వేసి అరగంట వదిలెయ్యండి. వేడి డిస్కు మీద నీళ్లు పోయకండి, పగులుతుంది. దిగే దారిలో ఘాట్‌కు కనీస సమయం పెట్టి చూసేది కూడా వేగం అదుపు కోసమే.

ప్రశ్న: బస్సు సడన్‌గా బ్రేకు వేస్తే మనం ముందుకు పడతాం. ఆ బలం ఎవరు పెట్టారు? పరీక్షలో “జడత్వ బలం” అని రాస్తే మా సార్ కొట్టేశారు.
– పదో తరగతి విద్యార్థిని, పుత్తూరు

జవాబు: మీ సార్ కొట్టేయడం సబబే. జడత్వం బలం కాదు, గుణం. ముందుకు తోసిన బలం ఏదీ లేదు.

ఇక్కడ చూడాల్సిన వస్తువు మీరు, బస్సు కాదు. బస్సు గంటకు 36 కి.మీ. వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతోంది, మీరూ అంతే. 4 సెకన్లలో ఆగిందంటే త్వరణం వెనక్కి 2.5 మీ/సె². మీ బరువు 50 కిలోలు అనుకుంటే మిమ్మల్ని కూడా ఆపడానికి 125 న్యూటన్ల బలం వెనక్కి కావాలి. దాన్ని ఇచ్చేది బస్సు ఫ్లోరు, మీ చెప్పుల కింద ఘర్షణ రూపంలో. చిక్కు ఎక్కడంటే, ఆ బలం పాదాల దగ్గర పడుతుంది, మీ గరిమనాభి సుమారు 90 సెం.మీ. పైన ఉంటుంది. పాదం ఆగిపోతుంది, పై శరీరం పాత వేగంతో సాగుతుంది. మీరు పడటం కాదు, తిరగడం అది: పాదాల చుట్టూ.

నిలబడేవాళ్లకు ఇందులో పనికొచ్చే లెక్క ఒకటుంది. 125 న్యూటన్లను 90 సెం.మీ. తో గుణిస్తే వచ్చే తిప్పే ప్రభావాన్ని మీ బరువు (490 న్యూటన్లు) అడ్డుకోవాలంటే, ఆనే పాదం గరిమనాభికి 23 సెం.మీ. ముందు ఉండాలి. కాబట్టి బస్సు పోయే దిక్కుకు ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి నిలబడండి. పక్కపక్కన పెట్టినవాళ్లే కండక్టరు మీద పడేది.

బస్సులో చేసుకోదగ్గ ప్రయోగం కూడా ఇదే. చిన్న నట్టుకు దారం కట్టి సీటు పక్కన కడ్డీకి వేలాడదీయండి, వెనక కోణమానిని పట్టుకోండి. త్వరణం = 9.8 × టాన్ (దారం వాలిన కోణం). 10 డిగ్రీలు వాలితే 1.7, 14 డిగ్రీలు వాలితే 2.4 మీ/సె². బస్సు కదిలేటప్పుడు దారం వెనక్కి, ఆగేటప్పుడు ముందుకు వాలుతుంది. సమవేగంతో పోతుంటే నిట్టనిలువుగా ఉంటుంది, ఎంత వేగమైనా సరే. గుంతల్లో దారం ఊగుతుంది కాబట్టి బైపాస్ మీద చెయ్యండి. ఘాట్ రోడ్డులో చేస్తే రోడ్డు వాలు కూడా కోణంలో కలిసిపోయి లెక్క తప్పుతుంది.

ప్రశ్న: ట్రాక్టరు ట్రాలీని ఎంత బలంతో లాగుతుందో, ట్రాలీ కూడా ట్రాక్టరును అంతే బలంతో వెనక్కి లాగుతుందంట. రెండూ సమానమైతే ఇక కదిలేదెట్లా?
– చెరకు రైతు, పాలసముద్రం

జవాబు: రెండూ సమానమే, కానీ ఒకటి ట్రాలీ మీద పడేది, మరొకటి ట్రాక్టరు మీద పడేది. వేర్వేరు వస్తువుల మీద బలాలను కూడి సున్నా చెయ్యకూడదు. ఒకరి జేబులో అప్పు, ఇంకొకరి జేబులో సొమ్ము కలిపి చెల్లు అన్నట్టవుతుంది.

అంకెల్లో చూద్దాం. ట్రాక్టరు 2,000 కిలోలు, చెరకుతో ట్రాలీ 5,000 కిలోలు. రోడ్డు మీద దొర్లుడు నిరోధం ట్రాక్టరుకు 500, ట్రాలీకి 1,500 న్యూటన్లు. వెనక టైర్లు నేలను వెనక్కి తోస్తాయి, నేల టైర్లను 5,500 న్యూటన్లతో ముందుకు తోస్తుంది. మొత్తం బండికి మిగిలేది 5,500 – 2,000 = 3,500. దీన్ని 7,000 కిలోలకు పంచితే త్వరణం 0.5 మీ/సె². ట్రాలీ ఒక్కదాన్నే విడదీసి చూడండి: దానికి 5,000 × 0.5 = 2,500 కావాలి, పైగా 1,500 నిరోధం. అందుకే ట్రాలీని తగిలించే హిచ్ దగ్గర బలం 4,000 న్యూటన్లు. ట్రాక్టరును విడిగా చూస్తే 5,500 లోంచి సొంత నిరోధం 500, ట్రాలీ లాగే 4,000 పోగా 1,000 మిగులుతుంది. 2,000 కిలోలకు అదే 0.5. రెండు వైపులా సరిపోయింది. ట్రాక్టరును నడిపించేది నేల అన్నమాట. ఇంజను టైరును తిప్పుతుంది, అంతే.

చేలోంచి తడి మట్టిలో బయటికి తీసేటప్పుడు ఇంజనులో బలం ఉండి కూడా బండి కదలనిది ఇందుకే. నేల ఇవ్వగలిగే తోపుకు హద్దు ఉంది: వెనక టైర్ల మీద భారం × ఘర్షణ గుణకం. మట్టిలో గుణకం పడిపోతుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ టైరు గుంత తవ్వుకుంటుంది. ఇంజను వేగం తగ్గించి, తక్కువ గేరులో, డిఫ్ లాక్ (రెండు వెనక చక్రాలూ కలిసి తిరిగేలా చేసేది) వేసి నిదానంగా లాగాలి. వెనక చక్రాలకు బరువులు బిగించినా, టైర్లలో నీళ్లు నింపినా లాభం ఉంటుంది, భారం పెరుగుతుంది కాబట్టి.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు గొలుసును వెనక ఇరుసు కంటే పైన ఎక్కడా కట్టొద్దు. లాగే బలం ఇరుసుకు పైన పడితే ట్రాక్టరు ముందు చక్రాలు లేస్తాయి. టైర్లు కదలక ఇరుసు చుట్టూ ట్రాక్టరే తిరిగితే సెకను, సెకనున్నరలో బండి వెనక్కి తిరగబడుతుంది, క్లచ్ తొక్కేంత వ్యవధి కూడా ఉండదు. కింద ఉన్న డ్రాబారుకే కట్టండి.

ప్రశ్న: చెన్నై రోడ్డులో 40 కి బదులు 80 వేగంతో పోతే ఆగడానికి రెట్టింపు దూరం చాలా?
– రేణిగుంట పాఠకుడు

జవాబు: చాలదు. బ్రేకు దూరం వేగం వర్గానికి అనుపాతం. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 అనుకుంటే 40 దగ్గర బ్రేకు దూరం 9 మీటర్లు, 80 దగ్గర 36. అడ్డం వచ్చింది చూసి బ్రేకు మీద కాలు పడేలోపు పోయే సెకను కలుపుకుంటే 20 మీటర్లు, 58 మీటర్లు. వాన పడి గుణకం 0.4 కు దిగితే 80 దగ్గర 85 మీటర్లు.

ప్రశ్న: అంతరిక్షంలో గాలే లేదు కదా, రాకెట్టు దేన్ని తోసి ముందుకు పోతుంది? మా ఇంటి డాబా మీంచి చూస్తే నేలను తన్ని లేచినట్టే ఉంటుంది.
– ఇంటర్ విద్యార్థి, సూళ్లూరుపేట

జవాబు: తోసేది నేలనూ కాదు, గాలినీ కాదు, తాను వెళ్లగక్కే వాయువునే. రాకెట్టు వాయువును కిందికి తోస్తుంది, వాయువు రాకెట్టును పైకి తోస్తుంది. ఆ జతలో గాలికి చోటే లేదు. నిజానికి గాలి ఉండటం అడ్డంకే: వాయువు బయటికొచ్చే నాజిల్ నోటి దగ్గర బయటి పీడనం తోపును కొంత తగ్గిస్తుంది, పైకి పోయేకొద్దీ అదే ఇంజను ఎక్కువ తోపు ఇస్తుంది.

2023 జూలై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్టును తీసుకోండి. నేల మీద దాని ద్రవ్యరాశి సుమారు 640 టన్నులు, బరువు 6,270 కిలోన్యూటన్లు. లేచేటప్పుడు మండేవి రెండు ఎస్200 ఘన బూస్టర్లే. మధ్యలోని ద్రవ ఇంజన్లు ఆకాశంలోకి వెళ్లాకే అందుకుంటాయి. ఒక్కో బూస్టరు గరిష్ఠ తోపు 5,150 కిలోన్యూటన్లు, రెండూ కలిపి 10,300. బరువు పోగా మిగిలేది 4,000 పైచిలుకు. గరిష్ఠం దగ్గర లెక్కిస్తే త్వరణం 6.3 మీ/సె². తోపును నేరుగా 640 టన్నులతో భాగించి 16 అని రాసేవాళ్లు ఎక్కువ. బరువు తీసేయడం మరిచిపోతారు.

ఇంధనం రెండు బూస్టర్లలో కలిపి సెకనుకు 3 టన్నులకు పైగా మండుతుంది. అంటే రాకెట్టు ద్రవ్యరాశి క్షణక్షణం తగ్గుతోంది. బలం = ద్రవ్యరాశి × త్వరణం అని ఒకే ద్రవ్యరాశితో మొత్తం ప్రయాణాన్ని లెక్కించకూడదు; ప్రతి క్షణానికీ అప్పటి ద్రవ్యరాశి వెయ్యాలి. తోపు మారకపోయినా రాకెట్టు త్వరణం పెరుగుతూ పోవడానికి కారణం ఇదే.

శ్రీహరికోటకు ఇంకో లాభం కూడా ఉంది. ఆ అక్షాంశంలో భూమి మనల్ని తూర్పుకు సెకనుకు సుమారు 450 మీటర్ల వేగంతో మోస్తూ ఉంటుంది. తూర్పుకు ప్రయోగిస్తే ఆ వేగం ఊరికే వస్తుంది, కింద సముద్రమే ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా తిరిగే ధ్రువ కక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీ రాకెట్టుకు మాత్రం ఈ సాయం దక్కదు. పైగా శ్రీలంక మీదుగా పోకుండా దారి వంచుకోవాలి.

ప్రశ్న: తోతాపురి కాయల్ని గుజ్జు ఫ్యాక్టరీకి తోలేటప్పుడు ఊళ్లో కాటాకీ అక్కడి కాటాకీ తేడా వస్తోంది. ఎత్తు మారితే బరువు మారుతుందని మా పిల్లోడు చదివాడు. నిజమేనా?
– మామిడి రైతు, బంగారుపాళ్యం

జవాబు: మారుతుంది, కానీ మీ తేడాకు అది కారణం కాదు. తిరుపతి దగ్గర 100 కిలోలు తూగిన సరుకును 700 మీటర్ల ఎత్తుకు, తిరుమల మీదికి తీసుకెళ్లి అదే ఎలక్ట్రానిక్ కాటా మీద పెడితే తగ్గేది మహా అయితే 20 గ్రాములు. కాయల్లోని పదార్థం, అంటే ద్రవ్యరాశి, ఏమాత్రం తగ్గదు. భూమి లాగే బలం తగ్గుతుంది. ఎలక్ట్రానిక్ కాటాలోని లోడ్‌సెల్ కొలిచేది ఆ బలాన్నే, దాన్ని కిలోలుగా మార్చి చూపిస్తుంది. రెండు పళ్లేల త్రాసుకు ఈ బాధ లేదు, రాళ్ల బరువూ అంతే తగ్గుతుంది కదా.

అసలు దొంగ కాటా వాలు. కాటా 5 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటే బరువులో తలానికి లంబంగా పడే భాగమే లోడ్‌సెల్‌కు అందుతుంది. 100 కిలోలకు 380 గ్రాములు తక్కువ చూపిస్తుంది. ఎత్తు వల్ల వచ్చే తేడాకు ఇది ఇరవై రెట్లు. పైగా ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఎక్కువ చూపించదు, నష్టం అమ్మేవాడిదే. మట్టి నేల మీద, బస్తాలు దించే చోట పెట్టిన కాటాల్లో ఇది మామూలే.

తూకానికి ముందు ఇవి చూసుకోండి. కాటా మూల నీటిబుడగ గుండ్రటి గీత మధ్యలో ఉందో లేదో చూడండి. లేకపోతే కింద నాలుగు కాళ్ల మరలు తిప్పి సరిచేయించండి. ఖాళీ పళ్లెం మీద సున్నా ఉండాలి. ఖాళీ క్రేటు పెట్టి టేర్ (క్రేటు బరువు తీసేసే బటన్) నొక్కించండి, తడిసిన క్రేటు పొడి క్రేటు కంటే బరువు. క్రేటును విసిరి వేయనివ్వొద్దు: పడే క్షణంలో కాటా బరువు కంటే ఎక్కువ బలం చూస్తుంది, అంకె పైకి ఎగిరి కింద పడుతుంది. అంకె నిలిచేదాకా ఆగి రాయించుకోండి. క్రేటు అంచు పక్కన గోడకో మనిషి మోకాలికో ఆనితే కొంత భారం అటు పోతుంది, కాటా తక్కువ చూపిస్తుంది. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఏ ఏడాదిదో చదవండి. అనుమానం తీరకపోతే ముద్ర ఉన్న 20 కిలోల రాయిని పళ్లెం మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి పెట్టి చూడండి; మూలల్లో అంకె మారిందంటే లోడ్‌సెల్ సర్దుబాటు చెడింది, ఆ కాటా మీద తూకం ఒప్పుకోవద్దు.